క్వయర్ మూడో డబ్బా

ఫిలడెల్ఫియా
3 సెప్టెంబరు 1969

వెండెల్ మావయ్యా,

నీ పేరు చెరిపేసినవాడు హార్లన్ విట్లో. ఈ వాక్యం రాశాకే క్షేమ సమాచారాలు రాయాలని ఒట్టు పెట్టుకున్నాను. రాసేశాను. మేం క్షేమం. అమ్మ మోకాలు అలాగే ఉంది. ప్రార్థన మానదు, మందు వేసుకోదు.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. రెండు వారాలుగా విట్లో రికార్డు కంపెనీలో, ఆల్డర్ వీధి గోదాములో, టేపుల గదిలో గుమాస్తాగా చేస్తున్నాను. ఎవరి మేనకోడలినో నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. ఆ గదిలో స్టోక్స్ అనే ముసలాయన ఒక్కడే మనిషి. మిగతావన్నీ డబ్బాలే. టేపు మళ్ళీ మళ్ళీ వాడతారు కాబట్టి డబ్బా మీద పేరు పెన్సిల్‌తోనే రాస్తారట. "ఇక్కడ సిరాతో రాసింది ఏదీ లేదు పిల్లా, నా జీతపు కాయితం తప్ప," అన్నాడాయన.

నిన్న చిట్టచివరి వరసలో మూడు డబ్బాలు దొరికాయి. పైన "వాడుకోవచ్చు" అని ఉంది. ఏటవాలుగా దీపం పెట్టి చూస్తే ఆ మాట కింద రబ్బరుతో రుద్దిన ఇంకో పేరు కనిపించింది: "వెండెల్ టిబ్స్ బృందం, 1958."

ఇప్పుడు విట్లో కంపెనీని న్యూయార్కు వాళ్ళకి అమ్మేస్తున్నాడు. కొత్తవాళ్ళ జాబితాలో లేని టేపులన్నిటినీ అయస్కాంతం మీద తిప్పి ఖాళీ చేస్తారు. ఈ నెల ఇరవై ఏడుకి గోదాము ఖాళీ అవాలి.

నేను లెక్క తీశాను మావయ్యా. ఇతరుల పక్కన కూర్చుని నువ్వు వాయించిన రికార్డులు పందొమ్మిది. అందులో పదకొండింటి అట్టల మీద నీ పేరే లేదు. ఫొటో తీసినవాడి పేరు మాత్రం ఉంది! కాల్విన్ పోగ్ అంతటి శాక్సఫోన్ విద్వాంసుడయ్యాడంటే నీ డ్రమ్ముల మీద నిలబడి అయ్యాడు. నాయకుడిగా నీ సొంత పాటలతో నువ్వు చేసింది ఒక్కటే, దాన్ని లోకం వినలేదు. నీ ఎడమచెయ్యి ఇక పుల్ల పట్టదని డాక్టరు చెప్పిన రోజున నువ్వు నవ్వావని అమ్మ అంది. నాకు నవ్వు రాలేదు. ఇక మీదట నీ వాయిద్యం అంటే ఆ మూడు డబ్బాల్లో ఉన్నదే. వాటిని చెరపనిస్తే నేను నీ మేనకోడల్ని కాను.

జవాబు వెంటనే రాయి. మా చదువరుల సంఘంలో చదివి వినిపిస్తాను.

నీ
నెట్టీ


క్లీవ్‌లాండ్
7 సెప్టెంబరు

పిల్లా,

నీ ఉత్తరం పట్టుకుంటే కవరు కూడా వేడిగానే ఉంది. ఇంటావిడ ఓవర్బీ గారు తెచ్చిస్తూ "మీ వాళ్ళింట్లో ఏదైనా తగలబడిందా?" అని అడిగింది. ఇంకా లేదండీ, అన్నాను.

పోగ్‌ని దొంగని చెయ్యకు. ఒకడి పక్కన వాయించడమంటే ఏమిటో నీ పుస్తకాల్లో రాసి ఉండరు. పోగ్ ఊపిరి పీల్చే చోట నేను కొట్టను. అక్కడ కొడితే వాడు మునిగిపోతాడు. ఎక్కడ కొట్టకూడదో తెలుసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ ఏ అట్ట మీదా పట్టవు. నాయకుడంటావా, "ఒకటీ రెండూ" అని ఎత్తుగడ చెప్పి ఆ తర్వాత నోరు మూసుకునేవాడే నాయకుడు. నీకు రెండో భాగం రావాలి.

ఇంకోమాట. నా పేరున్న ఆ డబ్బాలు ఏమైనా నాకు దిగుల్లేదు. నాకు కావలసింది దేవుడి పక్కన భద్రంగా ఉంది. ఆ గదిలో ఏదీ కదపకు. వీలైతే ఆ ఉద్యోగమే మానెయ్. విట్లోతో పదేళ్ళు పనిచేసినవాణ్ణి చెబుతున్నాను. అతను కోపం వచ్చినప్పుడు అరవడు. మర్యాదగా మాట్లాడతాడు. మర్యాద చేశాడంటే భయపడు.

మీ అమ్మకి మందు నువ్వే వెయ్యి. జావలో కలుపు.

మావయ్య


ఫిలడెల్ఫియా
11 సెప్టెంబరు

మావయ్యా,

నీ ఉత్తరం చదివి మా సంఘంలో ఇద్దరికి కళ్ళనీళ్ళు వచ్చాయి, నాకు మాత్రం ఒళ్ళు మండింది. "నాకు కావలసింది దేవుడి పక్కన భద్రంగా ఉంది" అట! ముప్పై ఏళ్ళు చేతులరిగేలా వాయించిన మనిషి చేత ఈ మాట అనిపించిందెవరు? ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో అచ్చువేయించాను. దాని కింద ఇలా రాశాను: "దోచుకున్నవాడు సొత్తు దాచుకుంటాడు, పోగొట్టుకున్నవాడికి దేవుణ్ణి ఇచ్చి పంపిస్తాడు. హార్లన్ విట్లో చెరిపిన పేరు వెండెల్ టిబ్స్!" నాలుగు వందల కరపత్రాలు. రికార్డుల షాపుల్లో, మంగలి షాపుల్లో, చర్చి మెట్ల మీద కూడా పంచాం. అమ్మ ఒకటి తీసి చదివి, మడతపెట్టి, బైబిల్లో పెట్టుకుంది. తిట్టినా బావుండేది.

పోగ్ ఈ నెలంతా ఇక్కడే వాయిస్తున్నాడు. మధ్యాహ్నం సాధన చేస్తుంటే వెళ్ళి కరపత్రం చేతిలో పెట్టాను. అంతా చదివాడు.

"నువ్వు ఆల్మా కూతురివి కదూ? ముక్కు అదే."

"ముక్కు సంగతి తర్వాత. మా మావయ్య పేరు మీ అట్ట మీద ఎందుకు లేదు?"

"నేను పెట్టమన్నాను, వాళ్ళు పెట్టలేదు. గట్టిగా అడగలేదు. అది నా తప్పే, రాసుకో." ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఆ గోదాములో ఏ డబ్బా గురించైనా నోరు విప్పే ముందు మీ మావయ్యని ఇంకోసారి అడుగు. అతని ఉత్తరం అచ్చువేసే ముందు అడగవలసింది."

బెదిరిస్తున్నాడని నాకు అర్థమైంది. కంపెనీ కొంటున్నవాళ్ళు ఈయన పాత రికార్డులన్నీ కొత్త అట్టలతో వేస్తారటగా! "మీ ఎంగిలి భయం మాకొద్దు," అని వచ్చేశాను. అందరూ చూస్తుండగానే అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆయన ముఖంలో కోపం లేదు. అది నాకు నచ్చలేదు.

నేనెవరో గోదాములో తెలిసిపోయింది. అయినా ఉద్యోగం తీసెయ్యలేదు. స్టోక్స్ మాత్రం నా వైపు చూడటం మానేశాడు. నిన్న మధ్యాహ్నం విట్లో స్వయంగా కిందికి దిగి వచ్చాడు, ఏడాదిలో మొదటిసారట. చేతిలో మన కరపత్రం. వరసల మధ్య నెమ్మదిగా నడిచాడు. చివరి వరస దగ్గర చాలాసేపు నిలబడి, నాకు టోపీ ఎత్తి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

భయపడ్డాడు మావయ్యా! కరపత్రానికి అంత బలం ఉంది.

నెట్టీ


క్లీవ్‌లాండ్
14 సెప్టెంబరు

నెట్టీ,

ఇది సంఘంలో చదవకు. ఎవరికీ చూపించకు. చదివి పొయ్యిలో పడెయ్.

నా ఉత్తరం అచ్చువెయ్యమని నీకెవరు చెప్పారు? నోట్లో మాట నోట్లో ఉండగానే లాక్కుని వీధిలో పంచావు. ఇక నీకు ఏం రాయాలన్నా నాలుగు వందల మందికి రాస్తున్నట్టుంది. అందుకే ఉన్నదున్నట్టు రాయలేకపోతున్నాను. ఫోన్ చేద్దామంటే ఓవర్బీ గారి ఫోన్ నడవాలో ఉంది, అద్దెకున్న వాళ్ళందరికీ చెవులున్నాయి.

పోగ్ నీకు మంచే చెప్పాడు. వాడికి తెలుసు.

నేను బస్సులో వస్తున్నాను. ఇరవై ఆరు రాత్రికి చేరతాను. ఈలోగా విట్లో ఏమిచ్చినా తీసుకోకు, ఏం అడిగినా ఇవ్వకు. ఎక్కడా సంతకం పెట్టకు. నా పేరు ఉన్నది గానీ లేనిది గానీ, ఆ గదిలో ఒక్క డబ్బా కూడా కదపకు. ఒక్కటి కూడా.

మావయ్య


ఫిలడెల్ఫియా
18 సెప్టెంబరు

మావయ్యా!

గెలిచాం! నీ జవాబు రాలేదు. అలిగావేమో. ఈ ఉత్తరంతో అలక తీరిపోతుంది.

మంగళవారం విట్లో నన్ను మేడమీదికి పిలిచాడు. కుర్చీ చూపించాడు, నేను నిలబడ్డాను.

"ఇది రాసింది నువ్వేనా? బాగా రాస్తావు," అన్నాడు. "మీ మావయ్యకి దేవుడి మీద ఇంత గురి ఎప్పట్నుంచి? నా దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఆదివారం పొద్దున్న అతన్ని నిద్ర లేపినవాడు లేడు."

"కష్టాలొస్తే ఎవరికైనా వస్తుంది," అన్నాను.

"నిజమే. నాకు వీధిలో గొడవ వద్దమ్మా. మీ మావయ్య పేరున్న డబ్బాలు మూడూ నువ్వే ఇంటికి తీసుకుపో. కానీ కొన్నవాళ్ళకి ఇన్ని ఖాళీ టేపులని మాటిచ్చాను. వాటికి బదులు ఉంచవలసిన జాబితాలోంచి ఇంకో మూడు చూపించు. ఏవి చెరపాలో నువ్వే ఎంచు. గుర్తు పెట్టి, కింద సంతకం చెయ్యి."

ఉంచవలసిన వాటి జాబితా బల్ల మీద ఒక పేజీ దగ్గర తెరిచే ఉంది. నా అదృష్టం కొద్దీ చూపు నేరుగా అక్కడే పడింది. "ఈవెనింగ్ స్టార్ బాప్టిస్టు చర్చి క్వయర్, 1958. మూడు డబ్బాలు." సరిగ్గా మూడు! అమ్మ వాళ్ళ చర్చి పాటల బృందం. ఆ పాటలు ఇప్పటికీ ప్రతి ఆదివారం ఉచితంగా వినిపిస్తూనే ఉన్నారు. నొప్పికి మందు వద్దని మోకాళ్ళ మీద కూర్చోబెట్టే ఆ పాటలు పోతే లోకానికి వచ్చిన నష్టమేమిటి? గుర్తు పెట్టి సంతకం చేశాను. ఆర్నెట్టా గ్రైమ్స్ అని నిండు పేరుతో.

"ఆలోచించుకున్నావా?" అని అడిగాడు.

"ఆలోచించడానికేముంది?"

"అయితే నీ చేత్తో నువ్వే చెయ్యి. తర్వాత నన్ననకూడదు," అని తలుపు కూడా తనే తీశాడు.

నా చేత్తోనే చేశాను మావయ్యా. స్టోక్స్ అయస్కాంతం మీట నొక్కాడు. పళ్ళెం లాంటిది, ముట్టుకుంటే పళ్ళు జివ్వుమంటాయి. రీలును దాని మీద గుండ్రంగా తిప్పి, తిప్పుతూనే నెమ్మదిగా దూరం జరపాలి. మొదటి డబ్బా, రెండో డబ్బా అయ్యాయి. అప్పటికే యంత్రం వేడెక్కి మాడు వాసన వచ్చింది. "దానికి కాస్త ఊపిరాడనివ్వాలి," అని స్టోక్స్ ఆపేశాడు. మూడోది ఆఖరి రోజున మిగతావాటితో కలిపి చేస్తారట.

నీ మూడు డబ్బాలూ నా మంచం కింద ఉన్నాయి. శనివారం మధ్యాహ్నం సంఘంలో టేపు యంత్రం తెప్పించి అందరం వింటాం. పదకొండేళ్ళ తర్వాత నీ పాట బయటికి వస్తుంది. అమ్మని కూడా తీసుకెళ్తున్నాను.

ఒక్కటే వింత. డబ్బాలు మోసుకుని వస్తుంటే విట్లో మేడమీది కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఓడినవాడిలా లేడు.

నీ విజేత
నెట్టీ


క్లీవ్‌లాండ్
20 సెప్టెంబరు
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

నెట్టీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మీ వీధి మూల కొట్టుకి రెండుసార్లు ఫోన్ చేశాను. నువ్వు సంఘంలో ఉన్నావన్నారు. నువ్వు ఏం వింటున్నావో నాకు తెలుసు. ఇక దాచడానికేమీ లేదు, వింటే వినేయనీ లోకాన్ని.

పద్నాలుగున నీకొక ఉత్తరం రాశాను. ఓవర్బీ గారు పోస్టు చేస్తానని తీసుకుని తన ఏప్రాన్ జేబులో పెట్టుకుని మరిచిపోయింది. నిన్న బట్టలు ఉతుకుతూ చూసి పరిగెత్తుకెళ్ళి వేసింది. ఏడుస్తోంది పాపం. ఆమెని ఏమనను?

1958లో నా రికార్డింగు పూర్తవగానే విట్లో వేయనన్నాడు. "డ్రమ్ములవాడి పేరుతో ఎవడు కొంటాడు? ఈ పాటలే పోగ్ పేరు మీద ఇవ్వు, రేపే వేస్తాను," అన్నాడు. నేను ఇవ్వనన్నాను. నా ముందే రబ్బరు తీసి డబ్బాల మీద నా పేరు చెరిపి "వాడుకోవచ్చు" అని రాశాడు. అప్పుడు మా బృందంలో బేస్ తీగలు వాయించిన ఫెల్ప్స్ గుర్తున్నాడా, ఈవెనింగ్ స్టార్ చర్చి పెద్ద? ఆ వారమే తన క్వయర్ పాటలు అక్కడే రికార్డు చేయించాడు. చర్చి డబ్బుతో చేసినవి కాబట్టి వాటిని చెరపరు. ఆ సాయంత్రం మేమిద్దరం రీళ్ళు మార్చేశాం. నా రీళ్ళు క్వయర్ డబ్బాల్లోకి, క్వయర్ రీళ్ళు నా డబ్బాల్లోకి. దేవుడి పాటలని రాసి ఉన్న డబ్బాని విట్లో అయినా ముట్టడని ఫెల్ప్స్ అన్నాడు. నిజంగానే పదకొండేళ్ళు ఎవరూ ముట్టలేదు.

మా ఇద్దరికీ పోగ్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. ఫెల్ప్స్ పోయాడు. నీ కరపత్రంలో "దేవుడి పక్కన భద్రంగా" అన్న నా మాట చదివి విట్లోకి తెలిసింది. జాబితా ఆ పేజీ దగ్గర ఊరికే తెరిచి లేదు తల్లీ.

నువ్వు చేసిందానికి నిన్ను ఏమీ అనను. చెప్పవలసినవాణ్ణి చెప్పలేదు.

మూడో డబ్బా ఉందన్నావు. ఆ రీలులో చివరి పదకొండు నిమిషాలు నేనొక్కణ్ణే. ఫెల్ప్స్ వాయించడం ఆపేసి "ఇంకా కొట్టరా వెండెల్, ఎవడాపుతాడో చూద్దాం" అంటాడు. వాడి గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. ఆనవాలుగా డబ్బాలో విరిగిన పుల్ల కొన ఒకటి పెట్టాను.

కోపం తెచ్చుకోకు. దాని మీద నీ సంతకం ఉంది. నేను వచ్చేదాకా ఎదురుగా కూర్చుని కాపలా కాయి, అంతే.

మావయ్య


ఫిలడెల్ఫియా
24 సెప్టెంబరు

మావయ్యా,

నీ ఉత్తరాలు రెండూ సోమవారం ఒకేసారి వచ్చాయి. ముందు పద్నాలుగోది చదివాను. రెండోది మెట్ల మీదే కూర్చుని చదివాను.

కానీ శనివారమే తెలిసింది. ముప్పై మంది కూర్చున్నారు. నేను నీ గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చి యంత్రం మీట నొక్కాను. క్వయర్ పాడింది. ఎవరో నవ్వారు. "నెట్టీ, మీ మావయ్య డ్రమ్ములు మారుమనస్సు పొందాయా?" అన్నారు. రెండోది పెట్టాను, క్వయరే. మూడోదీ అదే. అందులో ఒక గొంతు అందరికంటే పైకి లేచింది. అమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అది అమ్మ గొంతు మావయ్యా. ఎంత బావుందో నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నేను చెరిపేశాననుకుని మురిసిపోయిన పాటలు బతికే ఉన్నాయి. ఆ పాటతోపాటే నాకు అర్థమైంది. అమ్మ నా వైపు తిరిగి "నా పాట నా డబ్బాలో లేకపోతే, అందులో ఎవరున్నారే?" అంది.

సోమవారం నీ ఉత్తరాలు జేబులో పెట్టుకుని గోదాముకి వెళ్ళాను. మూడో డబ్బా వరసలో లేదు. మేడమీద విట్లో బల్ల మీద, అతని టోపీ కింద ఉంది. అతను చిన్న చెక్కముక్కతో బల్ల మీద టక్ టక్ మని కొడుతున్నాడు. పుల్ల కొన. నేను చూడాలనే కొడుతున్నాడు.

"అది ఇచ్చెయ్యండి."

"క్వయర్ డబ్బా కదా? దేవుణ్ణి నమ్మనిదానివి, ఇంత తెల్లబోయావేం?"

"అందులో ఏముందో మీకు తెలుసు."

"నాకేం తెలుసు? డబ్బా మీద క్వయర్ అని ఉంది. చెరపమని నీ సంతకం ఉంది." కాయితం నా వైపు తిప్పాడు. "నా మీద రేపు ఎవరైనా కరపత్రం వేస్తే ఇది చూపిస్తాను. వెండెల్ టిబ్స్ పాటలు చెరిపిందెవరు అంటే, అతని మేనకోడలు. శనివారం నాలుగున్నరకి లారీ వస్తుంది. అంతకు ముందు దీన్ని నేనే స్వయంగా తిప్పుతాను. నువ్వు కష్టపడకు."

ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. నువ్వు చెప్పిందే నిజం.

నన్ను గేటు బయటికి పంపించారు. నువ్వు చెప్పినట్టు అప్పట్నుంచి ఎదురుగా మెట్ల మీద కూర్చున్నాను. ఈ ఉత్తరం అక్కడే రాస్తున్నాను. గేటు దగ్గర ఇద్దరు కొత్త మనుషులు నిలబడ్డారు. ఏ పనీ లేదు, నిలబడటమే పని. మూల మీద పోలీసు కారు ఇంజను ఆపకుండా ఉంది. మధ్యాహ్నం స్టోక్స్ అన్నం డబ్బాతో నా పక్కనుంచి పోతూ, ఆగకుండా అన్నాడు: "శనివారం రాకు పిల్లా. నాలుగు తర్వాత వెనక తలుపుకి గొలుసు వెయ్యమన్నారు. లోపలున్నవాళ్ళు లోపలే, బయటున్నవాళ్ళు బయటే." ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాను. మొక్కజొన్న రొట్టె ముక్క ఒకటి నా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

నిన్న రాత్రి మాత్రం లేచి పోగ్ దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "నీ మావయ్య కొట్టని చోటే నేను ఊపిరి పీల్చాను ముప్పై ఏళ్ళు. శనివారం నా ఊపిరి అతనిది," అన్నాడు. శాక్సఫోన్ తెస్తాడు. అమ్మ తన క్వయర్‌ని తెస్తానంది, పద్దెనిమిది మంది, మోకాలి నొప్పులవాళ్ళే ఎక్కువ. "నన్ను లోకం విందిగా, ఇప్పుడు వాణ్ణి విననీ," అంది. మందు వేసుకుంది మావయ్యా, అడగకుండానే.

నువ్వు శుక్రవారం రాత్రి దిగుతావు. నీ పుల్లలు తీసుకురా. ఒక చెయ్యి చాలు. నాకు కోపం వస్తే నా భుజం మీద కొట్టు.

కొత్త కరపత్రం ఇదీ. ఈసారి నీకే ముందు చూపిస్తున్నాను. వద్దంటే ఫోన్ చెయ్యి, కొట్టువాడితో చెప్పి ఉంచాను. ఈసారి నేను పరిగెత్తుకొస్తాను.

*వెండెల్ టిబ్స్ నాయకుడిగా చేసిన ఒకే ఒక రికార్డింగులో మూడింట రెండు వంతులు చెరిగిపోయింది. చెరిపింది నేను, ఆర్నెట్టా గ్రైమ్స్. అడగకుండా, వినకుండా, డబ్బా మీది పేరు చూసి చెరిపాను. చెరపడానికి డబ్బా చూపించింది హార్లన్ విట్లో. మిగిలిన మూడో రీలు అతని బల్ల మీద ఉంది. అందులో పదకొండు నిమిషాల డ్రమ్ములూ, చనిపోయిన ఒక మనిషి గొంతూ ఉన్నాయి. మా ఇంట్లో క్షేమంగా ఉన్న క్వయర్ పాటలు చర్చి డబ్బుతో చేసినవి, చర్చివి. వాటి డబ్బా వాటికి కావాలని చర్చివాళ్ళే అడుగుతారు, ఇవ్వక తప్పదు. మీరు సాక్షులుగా నిలబడితే చాలు. రాళ్ళు తేవద్దు. చప్పుడు చేసేది ఏదైనా తెండి. ఆల్డర్ వీధి గోదాము, వెనక తలుపు, గొలుసు పడకముందే. శనివారం, సెప్టెంబరు ఇరవై ఏడు, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలకి.*